ఒకే బండి దగ్గర తిన్నాం, టైఫాయిడ్ ఒక్కరికే ఎందుకు?

ప్రశ్న: ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో నలుగురం ఒకే బండి దగ్గర పానీపూరీ తిన్నాం. మూడో రోజుకే మా పన్నెండేళ్ల అబ్బాయికి జ్వరం పట్టుకుంది. వారానికీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాం, టైఫాయిడ్ అని తేలింది. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా ఆ బండి మీది అనుమానాన్ని పక్కన పెట్టండి. టైఫాయిడ్ బాక్టీరియా ఒంట్లో చేరాక జ్వరం బయటపడడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి అంతకుముందు పదిహేను రోజుల్లో బాబు బడిలో, ట్యూషన్ దగ్గర ఎక్కడ నీళ్లు తాగాడో అడిగి చూడండి.

నీటితోనో తిండితోనో లోపలికి వెళ్లిన క్రిముల్లో చాలా భాగం కడుపులోని ఆమ్లానికే చచ్చిపోతాయి. అందుకే ఒకే నీళ్లు తాగిన వారిలో కూడా ఎన్ని క్రిములు మింగారన్న దానిని బట్టి, ఆమ్లం ఎంత ఉందన్న దానిని బట్టి ఫలితం మారిపోతుంది. రోజూ గ్యాస్ మాత్రలు వేసుకునే వారికి ఈ రక్షణ తగ్గుతుంది. తప్పించుకున్న క్రిములు చిన్నపేగు గోడలోకి చొచ్చుకుపోగా, అక్కడ కాపలా ఉండే రక్షణ కణాలు వాటిని మింగుతాయి. మామూలు క్రిమి అయితే ఆ కణంలోనే అరిగిపోవాలి. టైఫాయిడ్ క్రిమి మాత్రం చావకుండా ఆ కణంలోనే ఒక చిన్న సంచిలో కూర్చుని పెరుగుతూ, అదే కణంతో పాటు కాలేయానికి, ప్లీహానికి, ఎముక మజ్జకు చేరి, అక్కడ సంఖ్య పెంచుకుని తిరిగి రక్తంలోకి వచ్చినప్పుడు జ్వరం మొదలవుతుంది. ఆలస్యానికి కారణం ఇదే. కలరా క్రిమి దారి వేరు: అది పేగు గోడను దాటి లోపలికి పోదు, పైన అంటుకుని విషాన్ని వదిలి శరీరంలోని నీటిని పేగులోకి లాగేస్తుంది. ఆ విషం సంగతిని 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ డే నిరూపించారు.

మీ ముగ్గురికీ జ్వరం రాలేదు కనుక క్రిమి సోకలేదని చెప్పలేము. కొందరి పిత్తాశయంలో అది ఏళ్ల తరబడి ఉండి, ఏ బాధా లేకుండానే మలంలో బయటకు పోతుంటుంది. వంట చేసే ముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంటిల్లిపాదీ పాటించండి.

కణాల లోపల దాగిన క్రిమి కనుక, సరైన మందు వాడుతున్నా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. తగ్గింది కదా అని డాక్టరు చెప్పిన మాత్రలను మధ్యలో ఆపకండి. కడుపునొప్పి తీవ్రమైనా, మలంలో రక్తం కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.