అంగట్లో పలికే మెచ్చుకోలు ఇంట్లో ఎందుకు పలకదు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. మావారికి చీరల అంగడి ఉంది. దసరా ముందు రద్దీగా ఉందని నేనూ నాలుగు రోజులు అంగట్లో కూర్చున్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ‘ఈ అంచు మీకు భలే నప్పుతుంది అక్కా, మీ కోసమే నేసినట్టుంది’ అంటూనే ఉన్నారు. అదే మనిషి ఇన్నేళ్లలో నా వంటను గానీ, నేను కట్టిన చీరను గానీ ఒక్కసారి బాగుందనలేదు. అడిగితే ‘ఇంట్లో మనిషికి కూడా చెప్పాలా?’ అంటారు. మా అత్త బంధువుల దగ్గర నన్ను మెచ్చుకుంటుందట, నా ఎదుట మాత్రం ‘ఈ పొద్దు కూర నోట్లోకి పోతాండాది’ అంటుంది. వీధిలో ఎవరైనా నా చీర బాగుందంటే నాకే సిగ్గేసి ‘పాతదేలే’ అనేస్తాను. ఇంత చిన్న విషయానికి బాధపడడం తప్పా?

జవాబు: తప్పు కాదు, విషయమూ చిన్నది కాదు. అయితే మీ భర్త దగ్గర మాటలుండీ మీకు దాచిపెడుతున్నారని మీరు అనుకుంటున్నారు; ఆ అనుమానం సరైనదని నాకు అనిపించడం లేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా ‘భలే నప్పుతుంది’ అని చెప్పి సరుకు అమ్మే మనిషికి ఆ మాట కొలబద్ద, కత్తెర లాగా అంగడి సామానైపోతుంది. మెచ్చుకోలుకూ ముఖస్తుతికీ మన భాషలో వేర్వేరు మాటలున్నాయి. చూసి, మనసుకు నచ్చి చెప్పేది మెచ్చుకోలు. పని జరగడం కోసం ఎదుట నిలబడి చెప్పేది ముఖస్తుతి. అంగట్లో మీరు విన్నది రెండోది, ఆ సంగతి కొనడానికి వచ్చిన ఆమెకూ తెలుసు. దాన్నే ఇంటికి తెచ్చి మీకు చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుందని ఆయనకు లోలోపల అనిపిస్తూ ఉండవచ్చు.

దీనికి తోడు పెంపకం ఒకటుంది. గురువులను ఎదుటే పొగడాలి, స్నేహితులను, బంధువులను చాటున పొగడాలి, పనివాళ్లను పని పూర్తయ్యాక పొగడాలి, కొడుకులను అసలు పొగడకూడదు, ఆడవాళ్లనైతే పోయాకే పొగడాలి అని ఒక పాత సంస్కృత సుభాషితం చెబుతుంది. ఆ చివరి మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆ శ్లోకం పేరు కూడా వినని ఇళ్లలో సైతం ఆ నియమం తు.చ. తప్పకుండా నడుస్తూనే ఉంది. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని, పిల్లలైనా కోడళ్లైనా నెత్తికెక్కుతారని భయపడే పెద్దల మధ్య పెరిగిన మగవాడు, తన మెప్పును ‘ఇంగ రోంత సంగటి పెట్టు’ అనే మాటలోనే ముగించడం నేర్చుకుంటాడు. దాన్నే ప్రశంసగా లెక్కగట్టుకుని సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లుంటారు. నేనలా చెప్పను. రెండో ముద్ద అడగడం ఆకలికి గుర్తు కూడా కావచ్చు. అది మీ కోసం పలికిన మాటకు బదులు కాదు.

ఇక మీరు చేయగలిగింది. ‘బాగుందా?’ అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు ఏ భర్త దగ్గరైనా ఒకటే జవాబుంటుంది కాబట్టి, ఆయన ‘బాగుంది’ అన్నా అది డబ్బు కట్టాక ఇచ్చే రశీదులా ఉంటుంది. అంగడి మూసి ఉండే రోజున, భోజనం దగ్గర కాకుండా విడిగా కూర్చుని, ఆ నాలుగు రోజులూ అక్కడ వింటుంటే మీకు ఎలా అనిపించిందో మీ మాటల్లోనే చెప్పండి. అంగట్లో చెప్పే మాట మీకు అక్కర్లేదని, ఆయన కంటికి కనిపించింది చెబితే చాలని అడగండి. ధర్మవరం పట్టు కొంగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నేత ఎలాంటిదో చెప్పగల మనిషికి చూసే కన్ను లేదని నేను నమ్మను. ఆ కన్ను ‘ఉప్పు తగ్గింది గానీ తాలింపు కుదిరింది’ అని చెప్పినా చిన్నబుచ్చుకోకండి. మొదటి సగం నిజమైనందువల్లే రెండో సగానికి విలువ వస్తుంది.

మరొకటి అడుగుతాను, నొచ్చుకోకండి. తొమ్మిదేళ్లలో ఆయనకు మీరు చెప్పిన మంచి మాట ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. ఎరికా బూత్‌బీ, వెనెస్సా బోన్స్ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం, తమ ప్రశంస ఎదుటివారికి ఎంత సంతోషం ఇస్తుందో చెప్పబోయేవారు తక్కువగా అంచనా వేస్తారు, వినేవారు ఇబ్బంది పడతారని మాత్రం ఎక్కువగా ఊహించుకుంటారు. ఆయన నోరు విప్పకపోవడానికీ, బహుశా మీరు విప్పకపోవడానికీ ఆ తప్పు లెక్కే కారణం కావచ్చు. ఒకవేళ ఆయనది మౌనం మాత్రమే కాకుండా, నలుగురిలో మిమ్మల్ని చులకన చేయడం కూడా ఉంటే అది వేరే సమస్య. అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు రావాలి.

మీ అత్తగారి మాట గురించి నాకు పెద్దగా దిగులు లేదు. తిట్టినట్టు పొగడడాన్ని మన అలంకార శాస్త్రం వ్యాజస్తుతి అంటుంది, ఆమె అందులో ఆరితేరినట్టుంది. చాటున మెచ్చుకుంటున్నారని మీకు తెలిసింది కాబట్టి, ఈసారి ఆ మాట అన్నప్పుడు ‘అయితే ఇంగ రోంత ఏసుకో అత్తా’ అని నవ్వుతూ వడ్డించండి.

చివరగా మీ ‘పాతదేలే’. ప్రశంసకు జవాబిచ్చేటప్పుడు మనిషి రెండు వైపులకు లాగబడతాడని అనితా పొమెరాంట్జ్ 1978లోనే రాశారు: చెప్పినవారి మాటను కాదనకూడదు, తనను తాను పొగుడుకోకూడదు. మీరు రెండోదాన్ని కాపాడుకోవడానికి మొదటిదాన్ని ప్రతిసారీ వదిలేస్తున్నారు, దానితో మెచ్చుకున్న ఆమె చూపునే తప్పు పట్టినట్టవుతోంది. రేపు పక్కింటామె మీ చీర బాగుందంటే ‘అవునక్కా, నాకూ ఈ రంగంటే ఇష్టం’ అనండి. ఎప్పుడు కొన్నారో, ఎంతకు వచ్చిందో ఆమె అడిగితే తప్ప చెప్పకండి.