రెండు రాత్రుల సిటీ ట్రిప్: పెద్ద డిన్నర్, లైవ్ షో ఒకే సాయంత్రం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: పెళ్లిరోజుకి ఇద్దరమే ఒక పెద్ద నగరానికి వెళ్లి రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. ఒక మంచి ఫైన్ డైనింగ్ భోజనం, ఒక లైవ్ షో ఉండాలని కోరిక. రెండూ ఒకే సాయంత్రం కుదురుతాయా? దేన్ని ముందు బుక్ చేయాలి?

జవాబు:

కుదిరించుకోవచ్చు గానీ, వద్దనే చెబుతాను. వీలు చిక్కినప్పుడల్లా నేనూ మావారూ ఇలాంటి చిన్న ప్రయాణాలు చేస్తుంటాం. ఆయనకి నాటకం, సంగీతం అంటే ప్రాణం. నాకు తీరిగ్గా కూర్చుని, ఎవరో శ్రద్ధగా వండి పెట్టింది తినడం ఇష్టం. రెండు రాత్రులుంటే ఒక సాయంత్రం ఆయనది, ఒక సాయంత్రం నాది. ఇద్దరి కోరికా ఒకే రాత్రిలో ఇరికిస్తే ఎవరిదీ పూర్తిగా తీరదు.

అసలు చిక్కు టైముతోనే. టేస్టింగ్ మెనూ ఉన్న రెస్టారెంట్‌లో చిన్న చిన్న వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రెండున్నర, మూడు గంటలు పట్టడం మామూలే, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మీరు ఒక ప్లేటు ముగించాకే తర్వాతి దానికి తుది మెరుగులు దిద్దుతారు కాబట్టి, తొందరపెట్టినా పెద్దగా లాభం ఉండదు. థియేటర్ అలా కాదు. అక్కడ టైమంటే టైమే. లండన్‌లో థియేటర్లు గుంపుగా ఉండే వెస్ట్ ఎండ్‌లో సాయంత్రం షోలు ఎక్కువగా ఏడున్నరకి మొదలవుతాయి, న్యూయార్క్‌లో అలాంటిదే అయిన బ్రాడ్‌వేలో ఏడుకో ఎనిమిదికో. ఆలస్యంగా వెళ్తే మధ్యలో అనువైన చోటు వచ్చేదాకా లోపలికి పంపరు. ఒపేరా (కథంతా పాటగా సాగే నాటకం) అయితే చాలాచోట్ల ఇంటర్వెల్ వరకూ బయట నిలబడాల్సిందే.

ఒకసారి మా పక్క టేబుల్‌కి ఒక జంట వచ్చారు. కూర్చున్నప్పుడు ఎంత ఉత్సాహంగా ఉన్నారో! సగం భోజనం అయ్యేసరికి ఆయన వాచీ చూసుకోవడం, ఆవిడ ఫోన్‌లో దారి చూసుకోవడం మొదలైంది. తినేది ఏమిటో చూసుకునే స్థితిలో లేరు. స్వీటు రాకముందే బిల్లు తెప్పించుకుని పరుగున వెళ్లారు. అంత ఖర్చుపెట్టి, అంతకాలం ఎదురుచూసి వచ్చినవాళ్లకి అలా జరగడం చూస్తే నాకు నిజంగా బాధేసింది.

ఒపేరా ప్రపంచంలో దీనికి చక్కటి పరిష్కారం ఉంది. ఇంగ్లండ్‌లో 1934లో మొదలైన గ్లైండ్‌బోర్న్ ఉత్సవంలో భోజనం కోసమనే తొంభై నిమిషాల ఇంటర్వెల్ ఇస్తారు. జర్మనీలోని బైరాయిట్ ఒపేరా ఉత్సవంలో ఒక్కో విరామం గంటసేపు ఉంటుంది. అలాంటి చోటికి వెళ్తే తప్ప, భోజనం ఒక రోజు, షో ఒక రోజు అనుకోండి.

ఇక ఏది ఏ రోజు? వెళ్లిన రాత్రి భోజనం, మర్నాడు షో. రైలో విమానమో ఆలస్యమైతే రెస్టారెంట్‌కి ఫోన్ చేసి అరగంట జరపమని అడగొచ్చు, వీలుంటే జరుపుతారు. షోని జరపమని అడగలేం, టికెట్ డబ్బు కూడా సాధారణంగా తిరిగి రాదు. అందుకే మొదటి రాత్రి కాస్త ఆలస్యపు స్లాట్‌లో టేబుల్ తీసుకోండి. గదికి చేరి, స్నానం చేసి, ప్రయాణపు అలసట దిగాక వెళ్తే మాటలు కూడా బాగా సాగుతాయి.

వారంలో ఏ రోజన్నది కూడా చూసుకోవాలి. చాలా పెద్ద రెస్టారెంట్లు ఆదివారం, సోమవారం మూసే ఉంటాయి. బ్రాడ్‌వేలో ఎక్కువ షోలకి సోమవారం సెలవు. శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగిరావడం అందరికీ అనుకూలమే గానీ, శనివారం రాత్రి టికెట్లకే గిరాకీ ఎక్కువ. సెలవు దొరికితే బుధవారం వెళ్లి శుక్రవారం వచ్చేయండి, మంచి సీట్లు దొరికే అవకాశం పెరుగుతుంది. ఫలానా నటి కోసమో గాయకుడి కోసమో వెళ్తుంటే మాత్రం ఆ రోజు వాళ్లే ఆడుతున్నారో లేదో థియేటర్ సైట్‌లో చూడండి. వారానికి ఎనిమిది ప్రదర్శనలుండే మ్యూజికల్స్‌లో కొన్ని రోజులు ప్రధాన పాత్రని వేరేవాళ్లు వేయడం మామూలే.

బుకింగ్ సంగతి. ముందుగా, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్ గది పట్టుకోండి. ఆ తర్వాత రెండింటిలో ఏది దొరకడం కష్టమో అది. పేరున్న రెస్టారెంట్లు నెలో రెండు నెలలో ముందు, ఒక నిర్ణీత రోజున, నిర్ణీత టైముకి స్లాట్లు తెరుస్తాయి. ఆ గంటకి ఇద్దరూ చెరో ఫోన్‌తో కూర్చోండి. దొరకకపోతే వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టండి. చాలాచోట్ల ఒకటి రెండు రోజుల ముందు దాటితే రద్దు చార్జీ పడుతుంది కాబట్టి, ఆ గడువుకి ముందు విరమించుకునేవాళ్లు ఉంటారు. ఇద్దరికి సరిపడే టేబుల్ అప్పుడు ఖాళీ అవుతుంది. మాకు చాలాసార్లు అలాగే దొరికింది.

రెస్టారెంట్‌ని ఎంచుకునేటప్పుడు మిషెలిన్ స్టార్లు చూస్తారు కదా. ఆ టైర్ల కంపెనీ 1900లో వాహనదారుల కోసం వేసిన గైడ్ అది, స్టార్లు 1926లో వచ్చాయి. మూడు స్టార్లంటే ఆ భోజనం కోసమే ప్రయాణం కట్టుకుని వెళ్లదగ్గదని అర్థం. కానీ స్టార్లు ఇచ్చేది ప్లేట్లోని వంటకి మాత్రమే. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది, ఇద్దరు మనసు విప్పి మాట్లాడుకోవచ్చా అన్నది అందులో రాదు. పెళ్లిరోజుకి నాకు అదే ముఖ్యం. అందుకే రివ్యూల్లో వంట గురించి కాక శబ్దం గురించి, టేబుళ్ల మధ్య దూరం గురించి రాసినవి వెతుకుతాను. బుక్ చేసేటప్పుడే పెళ్లిరోజని చెప్పి, మూలగా ఉండే టేబుల్ అడుగుతాను. అడిగితే తప్పకుండా ప్రయత్నిస్తారు.

శాకాహారులైనా, ఏదైనా పడకపోయినా, ఆ సంగతి టేబుల్ దగ్గర కాదు, బుకింగ్ రోజునే రాసి పెట్టండి. సూపులో మాంసం ఎసరు, స్వీట్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. ముందే తెలిస్తే మీకోసం వేరేగా ఆలోచించి వండుతారు. అప్పటికప్పుడు చెబితే మీ ప్లేట్లోంచి ఒకటి తీసేయడం తప్ప వాళ్లు చేయగలిగింది తక్కువ. డ్రెస్ కోడ్ ఉందేమో కూడా అప్పుడే అడిగేయండి.

సీట్ల దగ్గర మా ఇద్దరికీ వాదనలు జరిగాయి, ఇప్పుడు ఒక మాట మీదికి వచ్చాం. ఖరీదైన కింది అంతస్తులో వెనక వరసల కంటే, పై అంతస్తులో మొదటి వరస మేలు. కింద వెనకాల కూర్చుంటే నెత్తిమీదికి బాల్కనీ వచ్చి వేదిక పైభాగం కోసుకుపోతుంది, ధ్వని కూడా మందగిస్తుంది. ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ అని రాసి ఉన్న టికెట్ చవకగా వస్తే, అడ్డొచ్చేది స్తంభమా, ముందున్న రెయిలింగా అన్నది కనుక్కోండి. రెయిలింగ్ అయితే సర్దుకోవచ్చు, స్తంభం అయితే వద్దు. షో ఏదైనా పర్వాలేదు, ఆ సాయంత్రం థియేటర్లో గడిపితే చాలు అనుకునేవాళ్లకి టీకేటీఎస్ బూత్‌లు ఉన్నాయి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోది 1973 నుంచి తగ్గింపు ధరకి టికెట్లు అమ్ముతోంది, లండన్‌లో లెస్టర్ స్క్వేర్‌లో ఉంది. పెళ్లిరోజు షోని మాత్రం నేను దాని మీద వదలను.

షో రోజున భోజనం తేలిగ్గా ఉండాలి. థియేటర్ల చుట్టుపక్కల రెస్టారెంట్లలో ‘ప్రీ థియేటర్’ మెనూ అని ఉంటుంది. రెండు మూడు వంటకాలే, త్వరగా వడ్డిస్తారు, ఏ షోకి వెళ్తున్నారో చెబితే టైముకి లేపుతారు కూడా. కడుపు నిండా తిని, చీకటి హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చుంటే మొదటి అంకంలోనే కళ్లు మూతలు పడతాయి. షో అయ్యాక తిందామనుకుంటే, రెస్టారెంట్ ఎప్పుడు మూస్తారని కాదు, లాస్ట్ ఆర్డర్ ఎప్పుడని అడగండి. పదకొండుకి మూసే చోట కూడా వంటగది పదికే ఆపేయొచ్చు.

వెస్ట్ ఎండ్ థియేటర్లలో ఇంటర్వెల్ డ్రింకులు షోకి ముందే ఆర్డర్ ఇచ్చేయొచ్చు, మీ పేరుతో పక్కన పెడతారు. ఇంటర్వెల్ ఉండేదే ఇరవై నిమిషాలు. అది క్యూలో కాకుండా, అప్పటిదాకా చూసినదాని గురించి మాట్లాడుకోవడానికి మిగలాలి. మావారు అప్పుడు చెప్పే కబుర్ల కోసమే నేను ఒపేరాకి వెళ్తాను.

ఇంత చెప్పాక కూడా ఒకే సాయంత్రం రెండూ కావాలంటే జాజ్ క్లబ్ వెతకండి. లండన్‌లో 1959లో మొదలైన రోనీ స్కాట్స్ లాంటి చోట టేబుల్ దగ్గరే వడ్డిస్తారు, ఎదురుగా వాయిస్తుంటారు, ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. అన్ని క్లబ్బుల్లోనూ తిండి దొరకదు. న్యూయార్క్‌లో 1935 నుంచీ నడుస్తున్న విలేజ్ వాన్‌గార్డ్‌కి సంగీతం కోసమే వెళ్లాలి. కొన్నిచోట్ల టికెట్‌తో పాటు మనిషికి ఇంత అని కనీస ఆర్డర్ ఉంటుంది, అదీ చూసుకోండి. ఒకే రాత్రి రెండు సెట్లు (విడివిడి కచేరీలు) ఉంటే రెండోదానికి వెళ్లండి. తర్వాత ఆ టేబుల్ వేరేవాళ్లకి ఇవ్వాల్సిన పని ఉండదు కాబట్టి సాధారణంగా మిమ్మల్ని ఎవరూ తొందరగా లేపరు.