తిండి తగ్గించకండి, కొనే కాలం మార్చండి

ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం, అద్దె కట్టాక మిగిలింది సరుకులకే చాలడం లేదు, హైదరాబాద్‌లో ఎలా నెట్టుకొస్తున్నారని అడిగారు. మేమూ నలుగురం, సరూర్‌నగర్‌లో ఉంటాం. ధరలు పెరిగాయని పిల్లల పాలు, గుడ్లు, పప్పు మాత్రం తగ్గించకండి. అది అన్నిటికంటే ఖరీదైన పొదుపు.

మా ఇంట్లో ఖర్చు దిగింది ఏడాది సరుకు దగ్గర. కొత్త మిర్చి, కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగా వస్తాయి. అప్పుడే పక్కింటివాళ్లతో కలిసి మలక్‌పేట గంజ్‌లో మిర్చి, బేగంబజార్‌లో పప్పులు తెచ్చుకుంటాం. ఎక్కువ మొత్తంలో తీసుకుంటే రేటు దగ్గర మాట్లాడే వీలుంటుంది. మిరపకాయలు మేడ మీద గలగలమనేదాకా ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నీలో దగ్గరుండి పట్టిస్తాను. ఆ కారం చెంచాడు వేస్తే చాలు, కూరకు రంగూ ఘాటూ వచ్చేస్తాయి. కందిపప్పుకు అరచేతులతో కాస్త ఆముదం పట్టించి, ఎండలో ఆరబెట్టి డబ్బాకెత్తితే పురుగు పట్టదు. వండే ముందు వేడినీళ్లతో కడిగితే సరి.

కూరగాయలకు రైతుబజార్. బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసి ఉంటాయి, అవి చూశాకే ఏం వండాలో అనుకుంటాను. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు గోంగూర, మామిడి ఒరుగులతో పప్పు వండాం. పిల్లలు ఇష్టంగానే తిన్నారు.

నూనెకు ఈ ఉపాయం పనిచేయదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో దిగుమతి సుంకం పెంచగానే ధర ఎగబాకింది. చేయగలిగిందల్లా ప్యాకెట్ మీద బరువు చూసుకోవడం. లీటరు అంటే సుమారు 910 గ్రాములు. అదే సైజులో కనిపించే కొన్ని ప్యాకెట్లలో 850 గ్రాములే ఉంటుంది.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు ఫోన్‌లోంచి తీసేశాం. కొత్తిమీర కోసం తెరిస్తే చిప్స్ కూడా వచ్చేవి.

రేషన్ కార్డు ఉంటే నామోషీ పడకండి. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇంట్లో నలుగురుంటే 24 కిలోలు, నెలకు చాలావరకు సరిపోతాయి. 500 రూపాయల గ్యాస్ పథకం మీకు వర్తిస్తుంటే, సిలిండర్ వచ్చాక సబ్సిడీ అకౌంట్‌లో పడుతోందో లేదో చూసుకోండి.

ఏడాది సరుకుకు ఒకేసారి డబ్బు ఎక్కడిదంటారా? మొదట చింతపండు ఒక్కటే కొనండి. ఇప్పటి నుంచి నెలనెలా కొంచెం పక్కన పెడితే ఫిబ్రవరికి సరిపోతుంది. మిర్చి సంగతి మరుసటి ఏడు చూసుకోవచ్చు.