పీఎఫ్ సొమ్ముతో బంగారం: బిల్లు వదులుకోవద్దు

ప్రశ్న: మాది దేవరకొండ. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కింద వచ్చిన సొమ్ములో ఎనిమిది లక్షలు పెట్టి బంగారం బిస్కెట్లు కొనాలనుకుంటున్నాను. నల్లగొండలో తెలిసిన షాపు యజమాని నగదు తెస్తే జీఎస్టీ లేకుండా ఇస్తానని, లక్షా తొంభై వేల చొప్పున విడివిడిగా కచ్చా చీటీలు రాస్తానని అంటున్నారు. డబ్బంతా ఇప్పుడే ఇచ్చి ఏడాదిన్నర ఆగితే తులానికి ఒక గ్రాము కలిపి ఇస్తారట. ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇంట్లో బంగారం ఉంటే ఆదాయపు పన్ను వాళ్లతో ఇబ్బంది వస్తుందా? నా తర్వాత అది ఎవరికి చెందుతుంది?

జవాబు: బంగారం కొనుక్కోవడం మీ హక్కు. సంపాదన లెక్క చెప్పగలిగినంత కాలం ఇంత బంగారమే ఉండాలన్న పరిమితి చట్టంలో లేదు. ఐదేళ్లు దాటిన సర్వీసుకు వచ్చే పీఎఫ్‌ మీద, ఇరవై లక్షల వరకు గ్రాట్యుటీ మీద పన్ను పడదు. మీది చెమటోడ్చి సంపాదించిన తెల్లడబ్బు. కచ్చా చీటీ మీద కొంటే ఆ డబ్బును మీ చేతులతో మీరే అనుమానంలోకి నెట్టినట్టవుతుంది.

జీఎస్టీ మూడు శాతం. ఎనిమిది లక్షల మీద ఇరవై నాలుగు వేలు. అది మిగులుతుందని ఆశపడితే పోయేది అంతకన్నా ఎక్కువ. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం. లాభం తేలాలంటే కొన్న ధర చూపాలి. పక్కా బిల్లు లేకపోతే అది నిరూపించలేరు. మేలిమిలో తేడా వచ్చినా, దొంగతనం జరిగినా, అది మీరు కొన్న సొత్తే అని చెప్పడానికి కాగితం ఉండదు. చీటీలు విడగొట్టినా అది ఒకే కొనుగోలు కిందికి వస్తుంది. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. అలాంటి లావాదేవీ చేసిన షాపు రేపు మీ తరఫున సాక్ష్యం చెప్పదు.

కాబట్టి డబ్బు మీ ఖాతా నుంచి షాపు ఖాతాకు నేరుగా వెళ్లాలి. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ నంబరు తప్పదు, ఇవ్వండి. బిల్లులో మీ పేరు, బరువు, స్వచ్ఛత, ఆనాటి ధర, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. నగలైతే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, ప్రతి నగకూ విడిగా ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ చూడండి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. హాల్‌మార్కు తప్పనిసరి నిబంధన నగలకే గాని బిస్కెట్లకు వర్తించదు. అందుకే బిస్కెట్లు కొనేటప్పుడు బిల్లు ఇంకా గట్టిగా ఉండాలి.

మరొక మాట. బిస్కెట్లను తాకట్టు పెట్టుకుని బ్యాంకులు అప్పు ఇవ్వవు, రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. నగలకు ఇస్తాయి. బంగారు నాణేలకు యాభై గ్రాముల వరకు ఇస్తాయి. అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చు వస్తే బిస్కెట్ అమ్ముకోవడమే దారి. నెల నెలా చేతికి వచ్చే పింఛను స్వల్పమైతే ఎనిమిది లక్షలూ బంగారంలోనే పెట్టవద్దని నా సలహా. కొంత భాగం చాలు. మిగతాది వడ్డీ తెచ్చే చోట ఉంచండి.

ఆదాయపు పన్ను సోదాల్లో పెళ్లైన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని స్త్రీకి 250, పురుషుడికి 100 గ్రాముల వరకు జప్తు చేయరాదని 1994 నాటి ఆదేశం ఉంది. అది నగల గురించి మాత్రమే. బిస్కెట్లకు రక్షణ మీ పీఎఫ్ పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు, బిల్లు. మూడింటినీ ఒకే ఫైలులో పెట్టండి.

ఇది మీ స్వార్జితం. వీలునామా లేకుండా పోతే, హిందువులైతే, భార్యకు, కొడుకుకు, కూతురికి, మీ తల్లి ఉంటే ఆమెకు సమాన వాటాలు వస్తాయి. వేరేలా ఇవ్వదలిస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. లాకరుకు నామినీని పెట్టినా ఆ నామినీ యజమాని కాడు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే.

ఇక ఏడాదిన్నర పథకం. దాని జోలికి అసలు వెళ్లకండి. డబ్బు తీసుకుని, తర్వాత డబ్బుగానో వస్తువుగానో తిరిగిస్తామనే అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టం నిషేధించింది. కంపెనీలైతే సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోపే సరుకు ఇవ్వాలి. తులానికి గ్రాము ఎక్కువ అనే మాట వినగానే జాగ్రత్తపడాల్సింది అక్కడే.

అడ్వాన్సు ఇరవై వేలను పక్కా బిల్లులో సర్దండి లేదా తిరిగివ్వండి అని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు, నకలు దాచుకోండి. ఇవ్వకపోతే రెండేళ్లలోపు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు ఉండదు.