బ్రిటన్‌లో సోషల్ హౌసింగ్, ఎక్స్‌ట్రా కేర్ ఇళ్ళు కట్టించే ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఏ సర్టిఫికెట్లు కావాలి?

సర్టిఫికెట్ల సంగతి ముందే తేల్చేస్తాను. సైటులో తిరగాలంటే సీఎస్‌సీఎస్ కార్డు (నిర్మాణ రంగంలో అర్హత చూపించే గుర్తింపు కార్డు), సైటు నడపాలంటే ఐదు రోజుల ఎస్‌ఎమ్‌ఎస్‌టీఎస్ కోర్సు (సైటు భద్రత చూసుకోవడం నేర్పేది). మన బీటెక్ సివిల్ పనికొస్తుంది. జేసీటీ, అంటే ఇక్కడి నిర్మాణాలకి వాడే ప్రామాణిక ఒప్పందం, చదవడం మాత్రం ఏ కాలేజీలోనూ నేర్పరు, ఇక్కడికొచ్చి నాలుగు చీవాట్లు తిని నేర్చుకోవాల్సిందే. అంతకుమించి మీరేం కంగారు పడనక్కర్లేదు.

నేను ఇంగ్లండులో ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో (లాభం చూసుకోకుండా తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థ), అంటే కట్టేవాళ్ళ వైపు కాదు, కట్టించుకునేవాళ్ళ వైపు పనిచేస్తాను. మామూలు అద్దె ఇళ్ళయితే బ్రహ్మవిద్యేం కాదు. వానకి, ప్లానింగ్ ఆఫీసుకి ఓర్చుకుంటే గడిచిపోతుంది. ఎక్స్‌ట్రా కేర్ దగ్గరే అసలు తిప్పలు. వృద్ధాశ్రమం అనుకునేరు. ఎవరి ఫ్లాటు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళ దగ్గర, రాత్రీ పగలూ అదే భవనంలో కేర్ సిబ్బంది. జాగా విషయంలో పిసినారితనం ఉండదు. తెలంగాణలో గత ప్రభుత్వ పథకం కింద కుటుంబం మొత్తానికి ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. ఇక్కడ ఇద్దరుండే సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకే 50 చదరపు మీటర్లు, అంటే దాదాపు 540 అడుగులు ఉండాలని 2015 నాటి జాతీయ ప్రమాణం. వీల్‌చెయిర్ ఫ్లాటయితే కుర్చీ చుట్టూ తిప్పుకోడానికి ఒకటిన్నర మీటర్ల ఖాళీ కూడా వదలాలి. ఇంత చేసి తలుపు దగ్గర బోర్లా పడతాం.

ఒక ఐదంతస్తుల స్కీము. అప్పగింతకి ముందు స్నాగింగ్, అంటే లోపాలు వెతికి రాసుకోవడం. కాంట్రాక్టరు తరఫు సైట్ మేనేజరు, ఎంప్లాయర్స్ ఏజెంటు (మా తరఫున కాంట్రాక్టు చూసే మనిషి), నేను కారిడార్ వెంబడి నడుస్తున్నాం. సైట్ మేనేజరు ఆరడుగుల మనిషి. ఒక చేతిలో టీ కప్పు, రెండో చేతిలో ఐప్యాడు. ప్రతి ఫ్లాటు తలుపునీ మోచేత్తో నెట్టడం, బాగుందనడం, టిక్కు కొట్టడం. అదే సమయానికి ఒక పెద్దావిడ తనకి కేటాయించిన ఫ్లాటు చూసుకోడానికి కూతురితో వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి, నడక ఫ్రేము పట్టుకుని నడుస్తోంది. తాళం తిప్పి తలుపు తోసింది. జానెడు తెరుచుకుంది. ఫ్రేము ముందుకి జరపడానికి చెయ్యి తియ్యగానే తలుపు వెనక్కొచ్చి ఫ్రేముకి కొట్టుకుంది. ఈసారి భుజం ఆనించింది. కూతురు సాయం పట్టబోతే, ‘ఆగు, నువ్వు రోజూ ఉంటావా ఇక్కడ?’ అని కసిరింది. మూడోసారి కూడా లోపలికి వెళ్ళలేకపోయింది.

సైట్ మేనేజరు వెంటనే ఫైలు తీశాడు. తలుపుకి సర్టిఫికెట్ ఉంది, దాన్ని వెనక్కి లాగి మూసే క్లోజరుకి సర్టిఫికెట్ ఉంది. అతను అబద్ధం చెప్పడం లేదు. మంటల్ని ఆపే ఫైర్ డోర్ తనంతట తాను మూసుకోవాలి కాబట్టి క్లోజరు బలం కనీసం సైజు 3 ఉండాలి. ఇంకోవైపు, నడవలేనివాళ్ళు తిరిగే చోట తలుపు తెరవడానికి 30 న్యూటన్లకి మించి బలం పట్టకూడదని వేరే ప్రమాణం. రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి, వియ్యపురాళ్ళలా ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా. ఫోర్స్ గేజ్ పెట్టి చూస్తే ముల్లు 30 దాటి ఎక్కడికో పోయింది.

దీనికి మందు లేక కాదు. ఫ్రీ స్వింగ్ క్లోజరని ఉంటుంది. మామూలప్పుడు తలుపు అసలు క్లోజరే లేనట్టు తేలిగ్గా ఆడుతుంది, ఫైర్ అలారం మోగితే మూసుకుంటుంది. కాకపోతే మేం వాడే రకానికి అలారం నుంచి తీగ లాగాలి. మామూలు దానికంటే ధర చాలా ఎక్కువ. నేను ఆ స్కీములోకి రాకముందే ఖర్చు తగ్గించే ‘వాల్యూ ఇంజినీరింగ్’ జాబితాలో దాన్ని కొట్టిపారేశారు. (కిటికీలు, లైట్లు, చెట్లు, ఏది తీసేసినా ఆ పేరే. అందులో వాల్యూ ఎవరికో నాకిప్పటికీ బోధపడలేదు.) ప్లాస్టరూ పెయింటూ అయిపోయాక గోడలు మళ్ళీ గాడి కొట్టాలన్నమాట. కాంట్రాక్టరు అది వేరియేషన్, అంటే ఒప్పందంలో లేని అదనపు పని అన్నాడు. మా కాగితాల్లో ‘వృద్ధులకు అనువుగా’ అని రాసి ఉందని మేం. ఆ ఒక్క ముక్క మీద ఎన్ని ఉత్తరాలు నడిచాయో! చివరికి చెరి సగం భరించాం.

2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది పోయాక ఇక్కడ ఫైర్ డోర్ల మీద పట్టు బిగిసింది. బిగియాల్సిందే. 11 మీటర్లు దాటిన భవనాల్లో ఫ్లాటు తలుపుల్ని ఏటా తనిఖీ చెయ్యాలని 2023 జనవరి నుంచి నిబంధన. బాగానే ఉంది. కానీ తలుపు బరువైతే ముసలివాళ్ళు ఏం చేస్తారు? కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు, లేదంటే మనవణ్ణి పిలిచి క్లోజరు చెయ్యి ఊడదీయిస్తారు. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టరుకి ఆ కుర్చీ కనిపించదు.

నన్నడిగితే జబ్బు వేరే చోట ఉంది. డిజైన్ మీటింగుల్లో ఆర్కిటెక్టు ఉంటాడు, ఖర్చు లెక్కలు కట్టే క్వాంటిటీ సర్వేయరు ఉంటాడు, ఊరికే కెమెరా ఆపుకుని కూర్చునే పదిమంది ఉంటారు. రాత్రి డ్యూటీ చేసిన కేర్ మేనేజరు మాత్రం ఉండదు. ఎందుకంటే కేర్ కాంట్రాక్టు కౌన్సిల్ విడిగా ఇస్తుంది, అదీ చాలాసార్లు భవనానికి పైకప్పు వేశాకే. అప్పుడొచ్చిన ఆవిడ గంటలో భవనమంతా చుట్టేసి మొదలుపెడుతుంది. మందుల అలమర ఏది? స్టాఫ్ గది లిఫ్టుకి ఇంత దూరమేమిటి? గుమ్మంలో ఈ నల్లపట్టా ఎవరు వేశారు, డిమెన్షియా ఉన్నవాళ్ళకి గొయ్యిలా కనిపించి అక్కడే ఆగిపోతారు కదా? అన్నీ నిజాలే, అన్నీ ఆలస్యమే. పునాది తియ్యకముందే కేర్ మేనేజర్ని పెట్టుకుంటే ఈ గొడవల్లో ముప్పాతిక భాగం పుట్టనే పుట్టవు. లెక్కలు చూపించమనకండి, చెప్తున్నాను కదా.

ఇంకో పిచ్చి ఉంది, మార్చి 31. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పూర్తయినట్టు చూపించాలి, గ్రాంటులో చివరి వాయిదా రావాలి. తాళాలు పుచ్చుకుంటాం, ఫొటోలు దిగుతాం. అప్పటికి కేర్ సంస్థకి ఆ చోట సీక్యూసీ (కేర్ సేవల్ని తనిఖీ చేసే నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాలేదు, సిబ్బంది దొరకలేదు. నీళ్ళు పైపుల్లో నిలవుంటే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పుడుతుందని వారం వారం ఒక మనిషి ఖాళీ ఫ్లాట్లన్నీ తిరిగి కుళాయిలు విప్పి వస్తాడు. ఇంకోపక్క ఇంటికోసం కౌన్సిల్ జాబితాలో జనం ఎదురుచూస్తూ ఉంటారు.

జీతం సంగతీ చెప్పేస్తాను. ప్రైవేటు డెవలపర్ల దగ్గరకంటే కాస్త తక్కువే, పెన్షన్ నయం. ‘కౌన్సిల్ ఇళ్ళు కట్టిస్తున్నావా’ అని మనవాళ్ళు పెళ్ళిళ్ళలో అదోలా చూస్తారు, పట్టించుకోకండి. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు కదా, కేర్ కాంట్రాక్టు ఎవరికిచ్చారు, వాళ్ళు డ్రాయింగులు ఎప్పుడు చూశారు అని అడగండి. ‘ఇంకా టెండరు పిలవలేదు’ అంటే మూడు వేల పౌండ్లు ఎక్కువ చెప్పండి. ఆ ఉత్తరాలన్నీ రాయాల్సింది మీరే.