పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు

ప్రశ్న: నా వయసు 33. మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2009లో, నాకు పదిహేడేళ్ల మూడు నెలలప్పుడు దూరపు బంధువుకిచ్చి పెళ్లి చేశారు. రెండేళ్లు నిలవలేదు. 2011 ఆగస్టులో పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు పేపరు మీద ‘ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు నేనూ, స్టట్‌గార్ట్‌లో ఇంజినీరుగా పనిచేసే ఒక జర్మన్ యువకుడూ పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడాలనుకుంటున్నాం. అమ్మానాన్న నాతో మాట్లాడటం మానేశారు. గుడిలో పెళ్లి చేసుకుంటేనైనా మెత్తబడతారేమో. మైనర్ పెళ్లి లెక్కలోకి రాదని, ‘అవివాహిత’ అని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలని ఒక కన్సల్టెంట్ అంటున్నారు. మొదటి పెళ్లి సంగతి ఈయనకు పూర్తిగా చెప్పలేదు. నాకు దారి చూపండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం తల్లిదండ్రుల కోపం గురించే ఉంది. ముప్పై మూడేళ్ల మనిషి పెళ్లికి చట్టం వారి అనుమతి అడగదు. అందుకే దాన్ని పక్కన పెడుతున్నాను. మీ కేసును తేల్చేది ఒక్కటే ప్రశ్న: 2009 నాటి పెళ్లి చట్టం దృష్టిలో రద్దయిందా? కాలేదు. ఈ రోజుకీ మీరు ఆయన భార్యే.

మైనర్ పెళ్లి దానంతటదే చెల్లకుండా పోతుందన్నది ఊళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం అలాంటి పెళ్లిని రద్దు చేయించుకునే హక్కు మైనర్‌గా ఉన్నవారికి ఉంటుంది. రద్దు చేస్తూ కోర్టు ఉత్తర్వు ఇచ్చేదాకా పెళ్లి నిలిచే ఉంటుంది. ఆ హక్కుకూ గడువుంది: మేజరైన తర్వాత రెండేళ్లు నిండకముందే పిటిషన్ వేయాలి. మీ వయసును బట్టి లెక్కవేస్తే ఆ గడువు 2012 మొదట్లో ముగిసింది. అంటే కాగితం రాయించుకున్న 2011 ఆగస్టు నాటికి మీకింకా ఐదారు నెలల సమయం ఉంది. ఆ రోజు రచ్చబండ దగ్గరికి బదులు జిల్లా కోర్టుకు వెళ్లి ఉంటే పదో తరగతి మెమో ఒక్కటి వయసు రుజువుగా సరిపోయేది. అప్పుడు మీరు చిన్నవారు, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ తర్వాత పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఏ వకీలునూ అడగకపోవడం మాత్రం నిర్లక్ష్యమే.

పెద్దలు రాయించిన కాగితం సంగతి. కులాచారం ప్రకారం విడాకులిచ్చే పద్ధతి ఉంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) దాన్ని కాపాడుతుంది, నిజమే. అయితే ఆ ఆచారం ఎప్పటినుంచో తెగకుండా నడుస్తోందని సాక్ష్యాలతో నిరూపించే బరువు మీదే. ‘మా ఊళ్లో అందరూ ఇలాగే చేస్తారు’ అంటే కోర్టు ఒప్పుకోదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారు కాబట్టి మీరు విముక్తులయ్యారనీ అనుకోకండి. మీ పెళ్లి నిలిచి ఉన్నందువల్ల ఆయన రెండో పెళ్లే చెల్లదు. పిల్లలకు మాత్రం సెక్షన్ 16 కింద రక్షణ ఉంది.

ఇక ఆ అఫిడవిట్. దాని జోలికి వెళ్లకండి. భర్త ఉండగా మళ్లీ పెళ్లి చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరం, శిక్ష ఏడేళ్ల వరకు. మొదటి పెళ్లిని దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు. పెళ్లి జర్మనీలో జరిగినా భారత పౌరులకు ఈ చట్టం వర్తిస్తుంది. తప్పుడు ప్రమాణపత్రం దానికి తోడయ్యే మరో నేరం. జర్మనీ చట్టం కూడా రెండో పెళ్లిని ఒప్పుకోదు. నివాస అనుమతి కోసం తప్పుడు వివరాలిస్తే అక్కడ మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

‘ఎవరికి తెలుస్తుంది’ అని కన్సల్టెంట్ అని ఉంటారు. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశపు అధికారిక పత్రాలను ఒక్క ముద్రతో ఇతర దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) చేరినా జర్మనీ అభ్యంతరం చెప్పింది. కాబట్టి మన అపోస్టిల్ ముద్ర అక్కడ సరిపోదు. వారి రాయబార కార్యాలయం తాను నియమించిన వకీళ్ల ద్వారా పత్రాల్లోని నిజానిజాలను ఇక్కడే విచారణ చేయిస్తుంది. ఆ విచారణ మీ ఊరిదాకా రావచ్చు. మీ పెళ్లి భోజనం తిన్న ఇరుగుపొరుగును ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అఫిడవిట్ అబద్ధమని తేలిపోతుంది. ‘డెన్మార్క్ వెళ్లి త్వరగా చేసుకోండి’ అన్న సలహా కూడా మీకు రావచ్చు. వాళ్లూ మొదటి పెళ్లి ఎలా రద్దయిందో రుజువు అడుగుతారు.

మార్గం ఉంది, అది కష్టమైనదీ కాదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద పరస్పర అంగీకార విడాకులకు మీరూ, మొదటి భర్తా కలిసి పిటిషన్ వేయండి. భార్య నివాసమున్న చోట కూడా వేయవచ్చు కనుక హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు చాలు. ఏడాదికి పైగా విడిగా ఉన్నారన్నది అక్కడ ముఖ్యం. విడాకుల పత్రంగా పనికిరాని ఆ స్టాంపు పేపరే ఇక్కడ ఎప్పటినుంచి విడిగా ఉన్నారో చెప్పే సాక్ష్యమవుతుంది. బంగారం, లాంఛనాల లెక్క తేలిందని అందులో ఉంటే ఇంకా మంచిది. అసలు కాగితం మీ మేనమామ దగ్గరుందని, మీ ఫోనులో ఫొటో మాత్రమే ఉందని రాశారు. ఇంత ముఖ్యమైన కాగితాన్ని పద్నాలుగేళ్లు ఇంకొకరి బీరువాలో వదిలేస్తారా! ఈ ఆదివారమే వెళ్లి తెచ్చుకోండి. పిటిషన్ వేశాక ఆరు నెలల ఎదురుచూపు ఉంటుంది. మీలా ఏళ్ల తరబడి విడిగా ఉన్నవారికి దాన్ని మాఫీ చేసే అధికారం కోర్టులకు ఉందని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

మొదటి భర్త ఒప్పుకుంటారా? మధ్యవర్తి ద్వారా మర్యాదగా అడగండి. మీతో విడాకులయ్యాకే ఆయన ప్రస్తుత కుటుంబాన్ని చట్టబద్ధం చేసుకోగలరు. ఆ అవసరం మీకన్నా ఆయనకే ఎక్కువ. కేసు పెడతామని బెదిరించి డబ్బు అడగవద్దు. ఒప్పుకోకపోతే సెక్షన్ 13(1)(i) కింద, వివాహేతర సంబంధం కారణంగా వేయండి. పిల్లల జనన ధ్రువపత్రాలు, రేషన్ కార్డు సాక్ష్యాలు. ‘నన్ను విడిచిపెట్టారు’ అన్న కారణం మీద మాత్రం ఆధారపడకండి. విడిచిపెట్టడమంటే రెండోవారి సమ్మతి లేకుండా వెళ్లిపోవడం. సమ్మతితో విడిపోయామని మీ కాగితమే చెబుతోంది. పాత చిరునామాకు నోటీసు పంపి ఎక్స్‌పార్టీ డిక్రీ (ఆయన హాజరు కాకుండానే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) తెచ్చుకోవాలని కూడా చూడకండి. ఆయనకు తెలిసిన రోజున దాన్ని కొట్టివేయమని కోర్టుకు వెళ్లగలరు, అప్పటికి మీరు స్టట్‌గార్ట్‌లో ఉంటారు.

పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు. పోట్లాడి తెచ్చుకున్న డిక్రీ అయితే 90 రోజుల అప్పీలు గడువు దాటేదాకా పెళ్లి పెట్టుకోకండి.

గుడిలో పెళ్లి సంగతి. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. గుడిలో తాళి కట్టి, ఆ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్న క్రైస్తవ యువకుడు, హిందూ యువతి పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే. గుడి వేడుక మీ అమ్మానాన్నల తృప్తికి చేసుకోండి. చట్టం కోసం ఇక్కడైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద (ముప్పై రోజుల నోటీసు ఉంటుంది), లేదా అక్కడి రిజిస్ట్రార్ ముందు పెళ్లి చేసుకోండి. ఏదైనా డిక్రీ చేతికి వచ్చాకే. ఈలోగా జర్మన్ భాష ఏ1 (ప్రాథమిక స్థాయి) పరీక్ష పూర్తి చేయండి. మీ పాస్‌పోర్టు దరఖాస్తులో వైవాహిక స్థితి ఏమని రాశారో చూసుకోండి. ‘అవివాహిత’ అని ఉంటే వకీలును వెంటపెట్టుకుని మీ అంతట మీరే సరిచేయించుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు మీరు పెళ్లి చేసుకోబోయే మనిషికి 2009 సంగతి మొత్తం చెప్పండి. పిటిషన్ నంబరు వచ్చిన రోజున దాని నకలు కూడా ఆయనకు పంపండి.