స్పీకర్లు, యాంప్ మార్చాక కారులో సౌండ్ పాడైందంటే ఎక్కడ చూడాలి

మీ ప్రశ్న ఇది: కంపెనీ స్టీరియో అలాగే ఉంచి, ముందు డోర్లకు 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్ (బాస్ పలికే వూఫర్, ట్రెబుల్ పలికే ట్వీటర్ విడివిడిగా ఉండేది), వెనక కోయాక్సియల్స్ (ఆ రెండూ ఒకే స్పీకర్లో ఉండేవి), వీటికి నాలుగు ఛానెళ్ల యాంప్ (స్టీరియో సిగ్నల్‌కు బలం పెంచే యాంప్లిఫయర్) పెట్టించారు. ఇప్పుడు బాస్ లేదు, ట్రెబుల్ చెవుల్లో గుచ్చుకుంటోంది, వాల్యూమ్ పెంచితే సౌండ్ పగులుతోంది, ఇంజిన్ నడుస్తుంటే సన్నగా కూత వస్తోంది. స్పీకర్లు నాసిరకమా, సబ్‌వూఫర్ కొనాలా అని అడిగారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. ఈ నాలుగూ వేర్వేరు తప్పులు. దాదాపు ఎప్పుడూ ఇవి వైరింగులోనో, సెట్టింగుల్లోనో, డోర్లోనో ఉంటాయి, స్పీకర్లో కాదు.

బాస్‌తో మొదలుపెట్టండి. మంచి బాస్ ఉన్న పాట పెట్టి, స్టీరియోలో ముందు, వెనక సౌండు పంచే ఫేడర్‌ని పూర్తిగా ముందుకు తోయండి. ఎడమ, కుడి పంచే బ్యాలెన్స్ మధ్యలో ఉంచి విని, తర్వాత పూర్తిగా ఎడమకు తిప్పండి. ఒక్క వైపే మోగుతున్నప్పుడు బాస్ నిండుగా వచ్చి, మధ్యకు తేగానే మాయమైపోతే, ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తారుమారయ్యాయన్నమాట. ఒక కోన్ (స్పీకర్లో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు) గాలిని ముందుకు నెడుతుంటే రెండోది అదే క్షణంలో వెనక్కి లాగుతుంది. 60 హెర్ట్జ్ తరంగం పొడవు 5.7 మీటర్లు, అంటే కారు లోపలి జాగా కంటే ఎక్కువ. అందుకే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ట్రెబుల్ తరంగాలు చాలా పొట్టివి, వాటికి ఈ దెబ్బ పెద్దగా తగలదు. ఫలితం సరిగ్గా మీరు చెప్పినదే: పైన గోల, కింద ఖాళీ. వెనక జతకూ ఇదే పరీక్ష చేయండి. ఆ తర్వాత ముందు ఎడమ, వెనక ఎడమ కలిపి మోగించి ఫేడర్‌తో కూడా చూడండి.

ఏది తిరగబడిందో తేల్చడానికి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. యాంప్ దగ్గర ఆ స్పీకరు వైర్లు రెండూ ఊడదీసి, ప్లస్ అనుకుంటున్న వైరుకు సెల్ ప్లస్, రెండోదానికి మైనస్ ఒక్క క్షణం తగిలించండి. 'టప్' మంటూ కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే వైర్లు తిరగబడ్డట్టే. కాంపొనెంట్ సెట్‌లో క్రాసోవర్ (బాస్, ట్రెబుల్ విడదీసి పంపే డబ్బా) ద్వారా కూడా వూఫర్ కదులుతుంది. ట్వీటర్ మాత్రం కదలదు, దాని దారిలో సెల్ కరెంటును ఆపేసే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి. ట్వీటర్ వైర్లను కంటితోనే సరిచూసుకోవాలి.

పనిలో పనిగా యాంప్ పక్కనున్న ఫిల్టర్ స్విచ్ చూడండి. ఫుల్, హై పాస్, లో పాస్ అని మూడు స్థానాలుంటాయి. డోర్ స్పీకర్లకు హై పాస్ (నాబ్ చూపే అంకెకు పైనున్న సౌండునే పోనిచ్చేది) పెట్టి, నాబ్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచాలి. సబ్‌వూఫర్ లేదు కాబట్టి 60 దాకా దించి చూడొచ్చు. నాబ్ 200 దాటి ఉంటే బాస్ మాయమవడానికి అదొక్కటే చాలు. ఆ నాబ్ మీద అచ్చేసిన అంకెలు ఉజ్జాయింపువే, చివరికి చెవిని నమ్మండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బాస్ పలచగానే ఉంటే డోర్‌ని అనుమానించండి. చాలామంది వదిలేసేది ఇదే, నా లెక్కలో ఖరీదైన స్పీకరు కంటే ఎక్కువ తేడా తెచ్చేదీ ఇదే. డోర్ ప్యాడ్ విప్పితే లోపలి రేకుకు అరచేయి పట్టేంత కంతలు కనిపిస్తాయి. కోన్ వెనక పుట్టిన సౌండు ఆ కంతల్లోంచి ముందుకొచ్చి ముందు సౌండుని తినేస్తుంది. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెద్ద కంతలకు పలచటి అల్యూమినియం రేకు అడ్డుపెట్టి, దానిమీద బ్యూటిల్ షీట్ (అంటుకునే రబ్బరు లాంటి షీట్) రోలర్‌తో గట్టిగా అదమండి. డోర్ అడుగున నీళ్లు పోయే కంతలు మాత్రం మూయకూడదు, మూస్తే తుప్పు ఖాయం. స్పీకరుకూ రేకుకూ మధ్య రింగు వదులుగా ఉండకూడదు. చుట్టూ ఫోమ్ పట్టీ వేసి, ప్యాడ్ జాలీకి ఆనేలా చూడండి. లేకపోతే సగం సౌండు ప్యాడ్ వెనకే తిరుగుతుంది. ప్యాడ్ బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించండి, కొత్త స్పీకరు మాగ్నెట్‌కు తగలడం మామూలే.

ఇక గుచ్చుకునే ట్రెబుల్. క్రాసోవర్ డబ్బాలో ట్వీటర్ సౌండు తగ్గించే చిన్న మీట (లెవెల్ జంపర్) ఉంటే మైనస్ 3 డెసిబెల్స్‌కు మార్చి వినండి. డ్యాష్‌బోర్డు మీదనో పిల్లర్ మీదనో పాత కంపెనీ ట్వీటర్లు ఇంకా మోగుతున్నాయేమో చెవి ఆనించి చూడండి. పాత వైరుతోనే పని కానిస్తే అవి కొత్తవాటికి పారలల్‌గా (అదే వైరుకు పక్కపక్కనే తగిలి) ఉండిపోతాయి. కెపాసిటర్ వల్ల మీటరు ఓమ్స్ రీడింగులో అవి దొరకవు, చెవికే దొరుకుతాయి. ఊడదీసేయండి.

మూడో అనుమానం స్టీరియో మీదే. చాలా కంపెనీ స్టీరియోల్లో పాత చవక స్పీకర్ల లోపం కప్పిపుచ్చే ఈక్వలైజేషన్ లోపలే ఉంటుంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ, ఆ కాగితం కోన్లు చిరగకుండా బాస్ తగ్గించేవీ ఉన్నాయి. కనుక్కోవడం తేలిక: 60 హెర్ట్జ్, 300 హెర్ట్జ్ టెస్ట్ టోన్లు ఫోన్లో పెట్టుకుని, స్టీరియో నుంచి యాంప్‌కు వెళ్లే స్పీకరు వైర్ల మీద ఏసీ వోల్టులు కొలవండి. వాల్యూమ్ పెంచుతుంటే 300 దగ్గర వోల్టులు పెరుగుతూ, 60 దగ్గర ఒకచోట ఆగిపోతే దోషం స్టీరియోది. అప్పుడు స్టీరియో మార్చడమో, ఆ వంకరను సరిచేసే డీఎస్‌పీ (సౌండుని డిజిటల్‌గా దిద్దే డబ్బా) పెట్టడమో చేయాలి. నిజంగా డబ్బు పెట్టాల్సి వస్తే ఇక్కడే.

పగలడం అంటే నూటికి తొంభై పాళ్లు గెయిన్ తప్పు. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో ఇచ్చే వోల్టేజీకి యాంప్‌ను సరిపెట్టే మీట అది. స్పీకర్లు ఊడదీసి, ఈక్వలైజర్ సున్నాకు తెచ్చి, లౌడ్‌నెస్, బాస్ బూస్ట్ ఆపి, ఫిల్టర్ ఫుల్‌లో పెట్టండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, 0 డెసిబెల్ 300 హెర్ట్జ్ టోన్ మోగించండి. 1000 హెర్ట్జ్ వాడమంటారు కొందరు, కానీ చవక మీటర్లు అక్కడ తక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి గెయిన్ ఇంకా పెంచేస్తాం. యాంప్ అవుట్‌పుట్ మీద ఏసీ వోల్టులు చూస్తూ, కావలసిన అంకె వచ్చేదాకా గెయిన్‌ని అడుగు నుంచి మెల్లగా పెంచండి. ఆ అంకె వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 4 ఓమ్స్ దగ్గర 50 వాట్లకు 14.1 వోల్టులు, 75 వాట్లకు 17.3. యాంప్‌దీ స్పీకరుదీ ఆర్‌ఎంఎస్ వాట్లలో (ఆగకుండా మోయగల అసలు వాట్లు) ఏది తక్కువో అది తీసుకోండి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'మ్యాక్స్' అంకెకు ఇక్కడ పనిలేదు. పని అయ్యాక ఫిల్టర్ మళ్లీ హై పాస్‌కు మార్చడం మరవకండి.

గెయిన్ సరిచేసినా బాస్ దెబ్బ పడినప్పుడల్లా పగులుతుంటే కరెంటు చాలడం లేదు. ఇంజిన్ నడుస్తూ, గట్టిగా మోగుతుండగా బ్యాటరీ మీద ఒకసారి, యాంప్ టెర్మినళ్ల మీద ఒకసారి డీసీ వోల్టులు కొలవండి. తేడా అర వోల్టు దాటకూడదు. దాటితే, బ్యాటరీ మైనస్ మీద ఒక ప్రోబ్, యాంప్ ఎర్త్ (యాంప్ మైనస్ వైరు కారు బాడీకి బిగించిన చోటు) మీద ఇంకొకటి పెట్టండి. 0.1 వోల్టు కంటే బాగా ఎక్కువ చూపిస్తే ఎర్త్ చెడ్డది. పెయింటు గీకి, మెరిసే రేకు మీద, 45 సెంటీమీటర్లకు మించని వైరుతో బిగించండి. సీటు బెల్టు బోల్టు మాత్రం వద్దు, ప్రాణం నిలిపేది అది. ఎర్త్ బాగుంటే తప్పు ప్లస్ వైరుది. 4 గేజ్ అని అమ్మేవాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చాలా ఉంటాయి. కొస గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అదే అయితే ఒక సైజు లావుది వేయాలి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉందో లేదో కూడా చూసుకోండి.

కూత సంగతి: ఇంజిన్ ఆర్‌పీఎంతో పాటు దాని స్థాయి మారితే అది ఆల్టర్నేటర్ నుంచి వస్తున్నదే. ముందు ఫోన్ చార్జర్ తీసేసి వినండి. తర్వాత స్టీరియో ఆపి, యాంప్ ఇన్‌పుట్ వైర్లు ఊడదీసి మళ్లీ ఆన్ చేయండి. కూత ఆగితే లోపం యాంప్ కంటే ముందుంది: సిగ్నల్ వైరు పవర్ వైరు పక్కనే పోతుండవచ్చు, లేదా సిగ్నల్ కన్వర్టర్ (స్టీరియో స్పీకరు సిగ్నల్‌ని యాంప్‌కు తగ్గట్టు తగ్గించే డబ్బా, ఉంటే) ఎర్త్ యాంప్ ఎర్త్‌కు దూరంగా ఇంకోచోట కట్టి ఉండవచ్చు. కన్వర్టర్ ఎర్త్‌ని యాంప్ ఎర్త్ ఉన్న చోటికే తెండి. పవర్ వైరు కారుకు ఒక పక్క, సిగ్నల్ రెండో పక్క పోనివ్వండి. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి. ఇన్‌పుట్ తీసినా కూత ఉంటే యాంప్ ఎర్త్‌నే మళ్లీ చూడాలి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఇక్కడే రాయండి. సెల్ పరీక్షలో నాలుగు కోన్లు ఎటు కదిలాయి, 60, 300 హెర్ట్జ్ దగ్గర వచ్చిన ఏసీ వోల్టులు, గట్టిగా మోగేటప్పుడు యాంప్ దగ్గర డీసీ వోల్టులు, ఈ అంకెలు ఉంటే మిగతాది చెప్పొచ్చు.